జార్జియా ఇంటి పన్ను సవరణలు: ఓటు పడింది సరే, బిల్లులో ఏం మారింది? – అపోహలు, వాస్తవాలు

2024 నవంబర్ 5న అమెరికా అధ్యక్ష ఎన్నికతో పాటు జార్జియా బ్యాలెట్ మీద పన్నుల ప్రశ్నలు మూడు వచ్చాయి. మొదటి సవరణ సొంత ఇంటి పన్ను విలువ పెరుగుదలకు పగ్గం వేసేది. రెండో సవరణ రాష్ట్రానికి ప్రత్యేక టాక్స్ కోర్టు ఇచ్చేది. మూడోది రాజ్యాంగ సవరణ కాదు. రెఫరెండం ఎ పేరుతో వచ్చిన ఆ ప్రశ్న చిన్న వ్యాపారాల సామాను మీద మినహాయింపు పెంచేది. మూడూ నెగ్గాయి. మొదటిదానికి దాదాపు 63 శాతం ఓట్లు వస్తే, టాక్స్ కోర్టు మాత్రం 52 శాతం దగ్గర గట్టెక్కింది.

అట్లాంటా ఉత్తర శివార్లలో కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, సువానీ వైపు ఇళ్ళు కొన్న మనవాళ్ళు చాలామందే. వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వీటి మీద తిరిగే మాటలు చాలావరకు సగం నిజాలు. ఒక్కోటి విడదీసి చూద్దాం.

అపోహ: మొదటి సవరణ నెగ్గింది కాబట్టి ఇంటి పన్ను తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. పెరుగుదలలో ఒక ముక్కకు హద్దు పడుతుంది, అంతే. ఆ ముక్క ఏదో తెలియాలంటే బిల్లు ఎలా తయారవుతుందో తెలియాలి.

జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతాన్ని అసెస్డ్ వాల్యూ అంటారు. పన్ను దాని మీదే. రేటును మిల్లుల్లో చెబుతారు. ఒక మిల్లు అంటే ప్రతి వెయ్యి డాలర్ల అసెస్డ్ వాల్యూకు ఒక డాలరు. కౌంటీకి ఒక రేటు, స్కూలు బోర్డుకు ఒక రేటు, సిటీ పరిధిలో ఉంటే దానికి ఇంకొకటి.

మొదటి సవరణకు జోడీగా వచ్చిన చట్టం హౌస్ బిల్ 581. మీ హోమ్‌స్టెడ్ ఇంటి (మీరే ఉంటూ, సొంత ఇంటి మినహాయింపు తీసుకున్న ఇంటి) అసెస్డ్ వాల్యూ ఏడాదికి ద్రవ్యోల్బణం రేటుకు మించి పెరిగితే, ఆ మించిన భాగం మీద పన్ను వేయకూడదని అది చెబుతుంది. అప్పటికే హోమ్‌స్టెడ్ ఉన్నవారికి పెరుగుదల లెక్కకు 2024 విలువే పునాది.

అంకెల్లో చూడండి. 2024లో ఇంటి విలువ 5 లక్షల డాలర్లు, అసెస్డ్ వాల్యూ 2,00,000. 2025లో కౌంటీ ఆ ఇంటిని 5,60,000కు పెంచింది, అసెస్డ్ వాల్యూ 2,24,000 అయింది. ద్రవ్యోల్బణం 3 శాతం అనుకుంటే పన్ను వేయదగిన హద్దు 2,06,000. మిగిలిన 18,000కు మినహాయింపు. కౌంటీ రేటు 10 మిల్లులైతే ఆదా 180 డాలర్లు, స్కూలు రేటు 18 మిల్లులైతే 324. (చిన్న చిన్న ఇతర మినహాయింపులు లెక్కలో వదిలేశాం.) అంటే కౌంటీ, స్కూలు రెండూ ఈ చట్టం పాటించినా బిల్లు 5,600 నుంచి 5,768కి పెరుగుతుంది. మినహాయింపే లేకపోతే 6,272 అయ్యేది.

ఇంకో మెలిక ఉంది. చట్టం విలువకు పగ్గం వేసింది గానీ రేటుకు వేయలేదు. అదే ఇంటికి కౌంటీ రేటు 10 మిల్లుల నుంచి 11కి పెంచితే, తగ్గించిన 2,06,000 మీద పన్ను 2,266 డాలర్లు. మినహాయింపు లేకుండా పాత రేటుతో కడితే అది 2,240. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కోవడమంటే ఇదే.

అపోహ: రాష్ట్రమంతా ఓటేసింది కనుక రాష్ట్రమంతా అమల్లో ఉంటుంది.

వాస్తవం: ప్రశ్నను పూర్తిగా చదవనివాళ్ళు ఇక్కడే దెబ్బతిన్నారు. కౌంటీ, సిటీ, స్కూలు బోర్డు – ఎవరైనా తప్పుకోవచ్చని బ్యాలెట్ మీద ఆ వాక్యంలోనే ఉంది. తప్పుకోదలచినవారు మూడు బహిరంగ విచారణలు జరిపి, తీర్మానం చేసి, 2025 మార్చి 1లోపు సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు పంపాలి. స్కూలు బోర్డులు పెద్ద సంఖ్యలో అలాగే తప్పుకున్నాయి.

బిల్లులో పెద్ద వాటా సాధారణంగా స్కూలుదే. పై ఇంటికే కౌంటీ చట్టంలో ఉండి స్కూలు బోర్డు తప్పుకుంటే బిల్లు 6,092. పరిమితి వచ్చిందన్న మాటే గానీ ఏడాదిలో 492 డాలర్లు పెరిగింది.

బోర్డుల వాదనలో పస లేదని అనలేం. ఇళ్ళ విలువ పెరుగుదలే వాళ్ళ ఆదాయం పెరుగుదల. కానీ ఓటరుకు "రాష్ట్రవ్యాప్త మినహాయింపు" అని చెప్పి అమ్మిన సరుకు ఇదా అని అడిగే హక్కు ఇంటి యజమానికి ఉంది.

కొన్ని కౌంటీల్లో ముందు నుంచే సొంత పరిమితి ఉంది. గ్విన్నెట్‌లో వాల్యూ ఆఫ్‌సెట్ ఎగ్జెంప్షన్ చాలా ఏళ్ళుగా కౌంటీ వాటాకు పనిచేస్తోంది, స్కూలు వాటాకు కాదు. స్థానిక పరిమితీ 581 పరిమితీ రెండూ ఉన్నచోట ఏది ఎక్కువ లాభమో అదే వర్తిస్తుంది, రెండూ కలిపి రావు. కాబట్టి బిల్లును వరుస వరుసగా చదవండి. ప్రతి వరుస పక్కన మినహాయింపు అంకె విడిగా ఉంటుంది. స్కూలు వరుసలో ఆ అంకె చిన్నగా ఉంటే మీ బోర్డు తప్పుకుందన్నమాటే కావచ్చు.

అపోహ: "మేం రేటు పెంచలేదు" అని కౌంటీ ప్రకటించింది, కాబట్టి పన్ను పెరగలేదు.

వాస్తవం: రేటు మారకుండా విలువలు పెరిగితే కౌంటీ చేతికి ఎక్కువ డబ్బు వస్తుంది. అందుకే చట్టంలో రోల్‌బ్యాక్ రేటు అని ఒకటి ఉంది: పెరిగిన విలువల మీద కూడా నిరుటి రాబడే వచ్చేలా తగ్గించిన రేటు. దానికంటే ఒక్క పిసరు ఎక్కువ పెట్టినా పన్ను పెంపుగా పత్రికలో ప్రకటించాలి, మూడు విచారణలు పెట్టాలి. వేసవిలో జరిగే ఆ విచారణల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అక్టోబరులో బిల్లు వచ్చాక మాత్రం అందరికీ కోపం వస్తుంది.

అపోహ: సొంత ఇంట్లో ఉంటున్నాం కాబట్టి మినహాయింపు దానంతటదే వస్తుంది.

వాస్తవం: దరఖాస్తు చేయాలి. జనవరి 1 నాటికి ఇల్లు మీ పేరున ఉండాలి, మీరు అందులో ఉండాలి. ఆ ఏడాదికి కావాలంటే ఏప్రిల్ 1లోపే అర్జీ పెట్టడం క్షేమం. జనవరి 15న రిజిస్ట్రేషన్ అయితే వచ్చే ఏడాదే. ఒకసారి మంజూరయితే ఏటా పెట్టనక్కర్లేదు.

ఎక్కువ అర్జీలు ఆగేది చిన్న విషయాల దగ్గర. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంటుంది, లేదా కారు రిజిస్ట్రేషన్ ఇంకా పాత కౌంటీలోనే ఉంటుంది. ఇల్లు మారగానే ముందు ఈ రెండూ మార్చి, ఆ తర్వాత అర్జీ పెట్టండి. భార్యాభర్తలు చెరో ఇంటికి ఒక్కో హోమ్‌స్టెడ్ తీసుకోవడం కుదరదు. ఇంటిని ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరుకు మారిస్తే హోమ్‌స్టెడ్ పోతుంది. ఆస్తి రక్షణ అని ఎవరో చెబితే మార్చేసి, ఏళ్ళుగా పేరుకున్న పునాది విలువ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఈ పరిమితి అసలు లేదు. హోమ్‌స్టెడ్ ఇళ్ళ మీద తగ్గిన భారం కొంత అద్దె ఇళ్ళ మీదకు, దుకాణాల మీదకు జరిగే అవకాశమూ ఉంది.

ఓటు పౌరులకే. హోమ్‌స్టెడ్ ప్రశ్న వేరు. అక్కడ చూసేది యాజమాన్యం, నివాసం, చట్టబద్ధమైన నివాస హోదా. ఏ కాగితం చూపాలో మీ కౌంటీలో హోమ్‌స్టెడ్ అర్జీలు తీసుకునే ఆఫీసులో అడిగి తీసుకెళ్ళండి, పక్క కౌంటీ మిత్రుడి అనుభవం ఇక్కడ పనికిరాదు.

అపోహ: కొత్త ఇంటికి మొదటి ఏడాది వచ్చిన పన్నే ఇక ముందూ ఉంటుంది, పైగా ఇప్పుడు పరిమితి కూడా ఉంది.

వాస్తవం: మనవాళ్ళ జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఇదే. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితికి. ఆ రోజుకి అక్కడ ఉన్నది స్థలమే అయితే ఆ ఏడాది బిల్లు స్థలానికే. ఉదాహరణకు స్థలం 1,50,000, మొత్తం రేటు 28 మిల్లులు అనుకోండి. పన్ను 1,680. మరుసటి ఏడాది ఇల్లు పూర్తయి విలువ 7 లక్షలైతే పన్ను 7,840. కట్టుబడి వల్ల పెరిగిన విలువను పునాదికి కలుపుతారు కాబట్టి 581 పరిమితి ఈ దూకుడును ఆపదు.

బ్యాంకు ఎస్క్రో (పన్ను కట్టడానికి నెలవాయిదాతో పాటు డబ్బు తీసి దాచే ఖాతా) మాత్రం నెలకు 140 చొప్పున తీస్తూ ఉంటుంది. 7,840 బిల్లు రాగానే 6,160 లోటు తేలుతుంది. దాన్ని 12 నెలలకు పంచితే నెలకు 513, రాబోయే ఏడాదికి సరిపోను మరో 513. అంటే నెలవాయిదా ఒక్కసారిగా వెయ్యి పైన పెరుగుతుంది. వడ్డీ రేటు పెరిగిందేమో అని బ్యాంకుకు ఫోన్లు చేసేది ఈ దశలోనే. క్లోజింగ్‌కు (కొనుగోలు కాగితాల మీద సంతకాలకు) ముందే లోన్ ఆఫీసర్‌ను అడిగి పూర్తయిన ఇంటి విలువ మీద ఎస్క్రో లెక్క వేయించుకోండి. కుదరకపోతే ఆ తేడా మొత్తాన్ని విడిగా దాచుకోండి.

పాత ఇల్లు కొన్నవారికీ ఒక మాట: అమ్మినవారి తక్కువ పునాది మీకు రాదు. లిస్టింగులో కనిపించే నిరుటి పన్ను వాళ్ళది. యజమాని చనిపోతే బతికున్న భార్యకో భర్తకో తప్ప ఆ లాభం మరెవరికీ బదిలీ కాదు.

అపోహ: ఇప్పుడు టాక్స్ కోర్టు వచ్చింది, ఇంటి విలువ ఎక్కువ కట్టారని అక్కడికి వెళ్ళవచ్చు.

వాస్తవం: పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం కాదు. జార్జియాలో 2013 నుంచి టాక్స్ ట్రైబ్యునల్ పనిచేసింది. అది కార్యనిర్వాహక శాఖ కింద ఉన్న వ్యవస్థ. ఆదాయపు పన్ను, సేల్స్ టాక్స్ లాంటి వాటిలో రాష్ట్ర రెవెన్యూ శాఖతో వచ్చే పేచీలు విన్నది. రెండో సవరణ ఆ స్థానంలో న్యాయవ్యవస్థకు చెందిన కోర్టును పెట్టడానికి దారి ఇచ్చింది. "న్యాయాధికారం" అన్న మాట రాజ్యాంగంలోకి ఎక్కాలి కాబట్టే ఇది మామూలు చట్టంతో తీరలేదు. ఉభయసభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపై ప్రజల ఓటు కావలసి వచ్చాయి.

కౌంటీ మీ ఇంటికి కట్టిన విలువ మీద పేచీ దారి పాతదే. అసెస్‌మెంట్ నోటీసు మీది తేదీ నుంచి 45 రోజుల్లో, పీటీ-311ఎ ఫారంతో, కౌంటీ బోర్డ్ ఆఫ్ అసెసర్స్‌కు అప్పీలు పెట్టాలి. ఎవరు వినాలో అందులోనే ఎంచుకోవాలి. మామూలు ఇంటికి బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ చాలు. ముగ్గురు స్థానికులు కూర్చుంటారు, ఫీజు లేదు. హోమ్‌స్టెడ్ కాని, 5 లక్షల డాలర్లు దాటిన ఆస్తికి హియరింగ్ ఆఫీసర్ దారి ఉంది. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) ఇంకో దారి. ఆపైన సుపీరియర్ కోర్టు.

అప్పీలు ఓడిపోయేది ఎక్కువగా వాదన తప్పవడం వల్ల. "పన్ను కట్టలేకపోతున్నాం" అన్నది వినడానికి బోర్డుకు అధికారమే లేదు. దాని ముందున్న ప్రశ్న విలువ ఎంత అన్నది ఒక్కటే. ఇళ్ళ ధరల వెబ్‌సైటు జిల్లో చూపే అంకె ప్రింటు తీసి పట్టుకెళ్ళడమూ దండగే. జనవరి 1కి ముందు ఏడాదిలో మీ సబ్‌డివిజన్‌లో అమ్ముడైన, మీ ఇంటికి దగ్గరగా సరిపోలే మూడు నాలుగు ఇళ్ళ ధరలు తీసుకెళ్ళండి. జనవరి తర్వాత అమ్ముడైనవి పక్కన పెట్టండి. అంతకంటే ముందు కౌంటీ వెబ్‌సైట్‌లో మీ ప్రాపర్టీ రికార్డు కార్డు తెరవండి. పూర్తి చేయని బేస్‌మెంట్‌ను పూర్తయినట్టు, మూడు బాత్‌రూములను నాలుగుగా రాసి ఉండవచ్చు. అలాంటి తప్పు ఫొటోతో సహా చూపిస్తే హియరింగ్ దాకా వెళ్ళకుండానే తేలిపోయే కేసులుంటాయి.

అప్పీలులో విలువ తగ్గితే సాధారణంగా ఆ విలువను తర్వాతి రెండేళ్ళు పెంచకూడదు. హియరింగ్‌కు వెళ్ళకుండా, ఆధారాలూ పంపకుండా ఊరుకుంటే ఆ రక్షణ దక్కదు. 581 వచ్చాక విలువ తగ్గని అప్పీలుకు కూడా ఆ లాభం లేదు. ఒకప్పుడు రెండేళ్ళ స్తంభన కోసమే ఉత్తుత్తి అప్పీళ్ళు వేసేవారు, ఆ తలుపు మూసుకుంది. అప్పీలు నడుస్తుండగా పన్ను ఆపకూడదు. నిరుటి విలువ, ఈ ఏటి విలువలో 85 శాతం – రెండింటిలో ఏది తక్కువో దాని మీద సాధారణంగా తాత్కాలిక బిల్లు వస్తుంది. అది కట్టాలి. తర్వాత తేడా సర్దుతారు.

పరిమితి ఉంది కదా, అప్పీలు ఎందుకు అనేవారికి: మీ స్కూలు బోర్డు తప్పుకుని ఉంటే ఆ వాటా పూర్తి విలువ మీదే పడుతుంది. కొత్తగా హోమ్‌స్టెడ్ తీసుకునేవారికి దానికి ముందు ఏడాది విలువే పునాది కాబట్టి, ఆ అంకెలో తప్పు ఉంటే ఇల్లు మీ దగ్గరున్నంత కాలం వెంటాడుతుంది.

అపోహ: రెఫరెండం ఎ వల్ల ప్రతి వ్యాపారానికీ మొదటి 20,000 డాలర్ల సామాను మీద పన్ను ఉండదు.

వాస్తవం: ఇది తీసివేత కాదు, గీత. కౌంటీలో మీ పన్ను పడే చరాస్తి, అంటే ఫ్రీజర్లు, పొయ్యిలు, టేబుళ్ళు, కంప్యూటర్లు, పన్ను పడే స్టాకు, మొత్తం 20,000 దాటకపోతే పన్ను సున్నా. పాత గీత 7,500. 19,900 ఉంటే ఏమీ కట్టనక్కర్లేదు. 20,100 ఉంటే వంద మీద కాదు, మొత్తం 20,100 మీదా లెక్క వేస్తారు. గీత దగ్గర ఉన్న కర్రీ పాయింటో టైలరింగ్ షాపో నడిపేవారు జనవరి 1కి ముందే పాడైన మిక్సీలనూ అమ్మేసిన మెషీన్లనూ ఆస్తుల జాబితా నుంచి తీసేయాలి. ఏప్రిల్ 1లోపు వేసే పీటీ-50పి రిటర్నులో నాలుగేళ్ళ కింద పారేసిన కూలర్ ఇంకా కనిపిస్తే, ఆ గీత దాటించేది అదే కావచ్చు.