పాత వెనీర్ మార్చేటప్పుడు కింద పన్ను మిగలాలి

ముందు పళ్ల వెనీర్లు, అంటే పంటి ముందు వైపు అంటించే పలచటి పింగాణీ పెంకులు, పది, పదిహేనేళ్లకు ఎలాగూ మార్చాల్సి రావచ్చు. అంచు పెచ్చు ఊడుతుంది, లేదా చిగురు వెనక్కి తగ్గి వెనీర్ అంచు బయటపడి అక్కడ గోధుమరంగు గీత వస్తుంది, ఒక్కోసారి లోపల పన్నే పుచ్చుతుంది. అప్పుడు చాలామంది ఖర్చెంత, ఎంత తెల్లగా వస్తాయి అని అడుగుతారు. పాతది తీశాక నా పంటి మీద ఎనామిల్ (పైన ఉండే గట్టి పొర) ఎంత మిగులుతుందని ముందు అడగండి.

ఎందుకంటే ఎనామిల్ మళ్లీ పుట్టదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. పై ముందు పంటికి కొన దగ్గర అది సుమారు మిల్లీమీటరు మందం ఉంటే, చిగురు దగ్గర 0.3 - 0.5 మిల్లీమీటర్లే. మొదటిసారి వెనీర్ కోసం అందులోంచే కొంత అరగదీసి ఉంటారు, ఇక రెండోసారికి మిగిలేది ఎంతో చూసుకోండి.

వెనీర్ పట్టంతా ఆ పొర మీదే ఉంది. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో గరుకు చేస్తే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు పదార్థం) గట్టిగా అంటుకుంటుందని 1955లో అమెరికాలో మైఖేల్ బ్యూనోకోర్ చూపించాడు, 1980ల్లో పింగాణీని కూడా ఆసిడ్‌తో గరుకు చేయడం వచ్చాక ఇప్పటి వెనీర్లు నిలబడ్డాయి. అదే ఎనామిల్ పోయి కింద ఉండే మెత్తటి పొర, డెంటిన్, బయటపడిందనుకోండి, అందులో తడీ కొలాజెన్ అనే ప్రోటీనూ ఉంటాయి కాబట్టి అతుకు కాలంతో పాటు సడలుతుంది, పన్ను చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది కూడా.

తీసేటప్పుడే అసలు ప్రమాదం. బర్‌తో (డాక్టరు వాడే తిరిగే ములికితో) పింగాణీని గీసుకుంటూ పోతే కింద వెనీర్‌ను అతికించిన రెజిన్ సిమెంట్ వస్తుంది, అదీ పంటి రంగులోనే ఉంటుంది, సిమెంట్ ఎక్కడ అయిపోయిందో పన్ను ఎక్కడ మొదలైందో మామూలు వెలుతురులో కంటికి ఆనదు. అందుకే జాగ్రత్తపరులైన డాక్టర్లు భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని, అతినీలలోహిత టార్చ్ వేసి చూస్తారు, ఆ కాంతిలో చాలా రకాల రెజిన్లు పంటికంటే వేరుగా మెరుస్తాయి. ఇంకో దారి ఎర్బియం లేజర్. దాని కిరణం పింగాణీలోంచి దూరి లోపలి సిమెంట్‌ను వదులు చేస్తుంది, అన్నీ కుదిరితే పన్ను దాదాపు అరగకుండానే వెనీర్ ఊడి వస్తుంది. జిర్కోనియా అనే గట్టి పదార్థంతో చేసినవాటికి, మందపాటి పింగాణీకి మాత్రం కొంచెం కష్టం.

"ఎలాగూ తీస్తున్నాం కదా, క్యాప్ వేసేద్దాం" అంటే వెంటనే తలూపకండి. 2002లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వెనీర్‌కు పైకి కనిపించే పంటిలో 3 నుంచి 30 శాతం అరగదీస్తే, క్యాప్‌కు 63 నుంచి 72 శాతం పోతుంది. పన్ను బాగా విరిగితేనో, పెద్ద పిప్పి ఉంటేనో తప్ప నేనైతే ఒప్పుకోను. చిన్న పెచ్చే ఊడితే కాంపోజిట్‌తో (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతో) అతుకు వేయించుకోవచ్చు, మార్చే పనే ఉండదు.

నల్గొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ మచ్చల మీద వెనీర్లు వేయించుకున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఆ ఎనామిల్ పైపొర ఆసిడ్‌కు అంత సులువుగా లొంగదు. మొదటిసారి అరగదీశాక తీసిన ఫొటోలు, ఎక్స్‌రేలు దొరికితే వెంట తీసుకెళ్లండి.