ముక్కుకు ఒక క్లిప్పు, తోకకు ఒక మడత

విమానం ఎలా ఎగురుతుందని పిల్లలు అడిగితే పెద్దవాళ్లలో చాలామంది చెప్పే జవాబు ఒకటే. రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుకని పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం వెళ్లాలి. కింది గాలితో పాటే వెనక అంచుకు చేరాలి కాబట్టి అది వేగం పెంచుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గి రెక్క పైకి లేస్తుంది. వినడానికి బాగుంది గానీ ఇందులో మధ్య మెట్టు తప్పు. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. పొగ వదిలి చూస్తే పైగాలే ముందు చేరుతుంది. పిల్లల చేతిలోని కాగితం విమానానికైతే ఆ ఉబ్బు కూడా ఉండదు. దాని రెక్క పైనా కిందా చదునే, అయినా గాలిలో తేలుతుంది.

అందుకే బొమ్మ గీసి వివరించే ముందు పిల్లల చేతికి పని ఇవ్వాలంటాను. మొదట గాలికి బరువుందని తెలియాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో గాలి బరువెంతో ఊహించమనండి. కొందరు సున్నా అంటారు, కొందరు పది గ్రాములంటారు. నిజానికి అది సుమారు 57 కిలోలు. ఒక మనిషంత! రెక్క చేసే పని ఈ గాలిని కిందికి మళ్లించడం. రెక్క గాలిని కిందికి తోస్తే గాలి రెక్కను పైకి తోస్తుంది. పీడనంలో తేడా అన్న మాట కూడా అబద్ధమేమీ కాదు. రెక్క పైన పీడనం తగ్గి కింద పెరగడమూ, గాలి కిందికి మళ్లడమూ ఒకే సంగతికి రెండు ముఖాలు.

దీన్ని కొలిచి చూపవచ్చు. నీళ్లు నింపిన సీసాను డిజిటల్ త్రాసు మీద పెట్టి, మూతకు ఒక పొడవాటి పుల్ల నిలబెట్టి, దాని కొసన పోస్టుకార్డంత అట్టముక్క అతికించండి. అట్ట ముందంచు కొంచెం పైకి ఉండాలి. త్రాసుకు గాలి తగలకుండా, అట్టకే తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. త్రాసు మీద అంకె కొన్ని గ్రాములు తగ్గుతుంది. ఆ తగ్గినదే లిఫ్ట్, అంటే గాలి పైకి తోసే బలం. కోణం కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతిసారీ అంకె రాసుకోమనండి. కొంతవరకు లిఫ్ట్ పెరుగుతుంది, ఆ తర్వాత ఎంత వంచినా పెరగదు. గాలి ఇక అట్ట పైభాగాన్ని అంటిపెట్టుకుని పారలేక విడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. మామూలు విమానాల రెక్కలకు ఇది 15 డిగ్రీల దరిదాపుల్లో వస్తుంది.

రైట్ సోదరులు 1901లో చేసింది ఇదే పని. ఆ ఏడాది వాళ్ల గ్లైడర్ (ఇంజను లేని విమానం) లెక్కల్లో రావాల్సిన లిఫ్ట్‌లో మూడోవంతు మాత్రమే ఇచ్చింది. నిరాశపడినా, ఆ లెక్కలకు వాడిన పాత లిఫ్ట్ పట్టికలను పక్కన పెట్టి, సుమారు ఆరడుగుల చెక్కపెట్టెలో ఫ్యాన్‌తో గాలి ఊది, సైకిల్ చువ్వలతో, పాత రంపపు బ్లేళ్లతో చేసుకున్న త్రాసులతో రెండు వందల దాకా చిన్న రెక్కలను పరీక్షించారు. 1903 డిసెంబరు 17న 12 సెకన్ల పాటు గాలిలో నిలిచిన విమానం ఆ కొలతల మీద కట్టిందే.

ఇక కాగితం విమానం. ఏ-4 కాగితం బరువు మామూలుగా 5 గ్రాములు. కాబట్టి ఒక చిన్న క్లిప్పు కూడా దానికి పెద్ద మార్పే. ఇక్కడ తొందరపడకూడదు. విసిరే ముందు "ఇప్పుడు ఏమవుతుంది?" అని పిల్లల చేత చెప్పించాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయనివ్వాలి. విమానం ముక్కు పైకెత్తి, ఆగి, దబ్బున పడుతోందా? అది స్టాలే, ఫ్యాన్ ముందు చూసినదే. క్లిప్పును ముక్కు వైపు జరిపితే గురుత్వ కేంద్రం ముందుకొచ్చి కుదుటపడుతుంది. ముక్కుతో నేలను పొడుస్తోందా? రెండు రెక్కల వెనక అంచులనూ వెంట్రుకవాసి పైకి మడవాలి. గాలి వెనక భాగాన్ని కిందికి నొక్కి ముక్కును లేపుతుంది.

ఇప్పుడు కుడి రెక్క వెనక అంచును మాత్రం పైకి, ఎడమదాన్ని కిందికి మడవమనండి. ఎటు వాలుతుందని అడిగితే "ఎడమకి" అనే పిల్లలే ఎక్కువ. పైకి మడిచిన రెక్క పైకి లేస్తుందని వాళ్ల ఊహ. విమానం కుడికి వాలుతుంది. ఇందాక రెండంచులూ పైకి మడిస్తే ముక్కు లేచిందే, ఇప్పుడు రెక్క దిగిందేమిటి? ఈ ప్రశ్న దగ్గర పిల్లలను వదిలేసి కాసేపు ఊరుకోండి. జవాబు చెప్పేస్తే వాళ్ల సొత్తును లాక్కున్నట్టే. రెండుసార్లూ జరిగింది ఒకటే అని వాళ్లే కనిపెడతారు. పైకి మడిచిన చోట గాలి కిందికే నొక్కుతుంది. అది తోక దగ్గరైతే ముక్కు లేస్తుంది, ఒక పక్కనైతే ఆ పక్క దిగుతుంది. నిజమైన విమానంలో తోక దగ్గర కదిలే పలక (ఎలివేటర్), రెక్కల వెనక అంచున కదిలే పలక (ఐలరాన్) చేసే పని ఇదే.

రబ్బరు బ్యాండుతో ఎగిరే బొమ్మలకూ గొప్ప చరిత్రే ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫోన్స్ పెనో 1871లో పారిస్‌లోని ఒక తోటలో అలాంటి చిన్న విమానాన్ని 11 సెకన్ల పాటు, సుమారు 40 మీటర్లు ఎగరేశాడు. అతని పద్ధతిలో చేసిన హెలికాప్టర్ బొమ్మనే 1878లో రైట్ సోదరులకు వాళ్ల నాన్న తెచ్చి ఇచ్చాడు. అప్పటికి విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడు. దాన్ని చూసి వాళ్లు పెద్దవి చేయబోతే సరిగా ఎగరలేదు.

ఎందుకు ఎగరలేదో పిల్లల చేతే తేల్చుకోనివ్వవచ్చు. అదే నమూనాను అన్ని కొలతలూ రెట్టింపు చేసి, రెట్టింపు మందం ఉన్న అట్టతో చేయించండి. రెక్క వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, బరువు ఎనిమిది రెట్లవుతుంది. నేలకు రాకుండా తేలాలంటే దాదాపు ఒకటిన్నర రెట్ల వేగం కావాలి. చిన్నదాన్ని విసిరినంత మెల్లగా విసిరితే పెద్దది ముందే నేలకు దిగుతుంది. మందం పెంచకుండా పలుచని పెద్ద కాగితంతో చేస్తే బరువు సమస్య పోతుంది గానీ రెక్కలు కిందికి వేలాడిపోతాయి. వాటిని నిలబెట్టడానికి ఎక్కడ మడత వేయాలి, ఎక్కడ పుల్ల అతికించాలి, ఆ పుల్ల బరువు ఎంతవరకు భరించవచ్చు అన్న బేరసారాలు అక్కడినుంచి మొదలవుతాయి.