‘రాలిన ఈకలే’ అన్న మాటకు వెనుక ఉన్న చరిత్ర

కోపెన్‌హేగన్ ఫ్యాషన్ వీక్ 2025 నుంచి అడవి పక్షుల ఈకలను తన ప్రదర్శనల్లో నిషేధించడంతో, ఈకల అలంకరణ న్యాయమేనా అన్న ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. నూరేళ్లకు ముందే ఈ ప్రశ్న మీద పెద్ద పోరాటం జరిగింది, అందులో ఎక్కువ భాగం తెల్లకొంగ చుట్టూ తిరిగింది.

రాజుల తలపాగాల మీద కలికితురాయిగా నిలిచినంత కాలం ఈక కొద్దిమంది హోదాకే గుర్తు. 19వ శతాబ్దం చివరికి ఐరోపా, అమెరికాలలో అది మధ్యతరగతి స్త్రీల టోపీల మీదికి చేరింది. 1886లో పక్షి శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ చాప్‌మన్ న్యూయార్క్ వీధుల్లో 700 టోపీలను గమనిస్తే, 542 టోపీలకు ఈకలు ఉన్నాయి.

తెల్లకొంగకు వీపు మీద దారప్పోగుల్లాంటి సన్నని పొడవాటి ఈకలు గూడు కట్టే కాలంలోనే వస్తాయి. వాటికోసం వేటగాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే కొంగలు గుంపుగా గూళ్లు పెట్టుకున్న చెట్ల దగ్గరికి వెళ్లి, పిల్లలను విడిచిపోలేని తల్లిదండ్రులను కాల్చి, వీపు చర్మం ఒలుచుకుని, కళేబరాలను అక్కడే పారేసేవారు. గూళ్లలో మిగిలిన పిల్లలు ఆకలితో చనిపోయేవి. ఇంత ఘోరాన్ని కప్పిపుచ్చడానికి వ్యాపారులు చెప్పిన మాట, తాము రాలిన ఈకలనే ఏరి తెస్తున్నామని. కానీ రాలేనాటికి ఆ ఈకలు అరిగి, మాసిపోయి ఉంటాయి. బంగారంతో పోటీపడిన ధర వాటికి పలికేది కాదు.

ఈ వ్యాపారాన్ని ఎదిరించడంలో ముందు నిలిచింది స్త్రీలే, ఈ సంగతిని చరిత్ర తగినంతగా చెప్పలేదు. 1889లో మాంచెస్టర్‌లో ఎమిలీ విలియమ్సన్ ప్రారంభించిన సంఘమే తర్వాత బ్రిటన్‌లోని పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీగా ఎదిగింది. 1896లో బోస్టన్‌లో హ్యారియెట్ హెమెన్‌వే, మినా హాల్ సంపన్న కుటుంబాల స్త్రీలను తేనీటి విందులకు పిలిచి, ఈకల టోపీలు మానిపించారు. భారతదేశం నుంచి అడవి పక్షుల ఈకల ఎగుమతిని బ్రిటిష్ ప్రభుత్వం 1902లో నిషేధించినా దొంగరవాణా ఆగలేదు. 1905లో ఫ్లోరిడాలో కొంగలకు కాపలా కాసిన గై బ్రాడ్లీని వేటగాడు కాల్చి చంపాడు. చివరికి అమెరికా 1918లో వలసపక్షుల చట్టం, బ్రిటన్ 1921లో ఈకల దిగుమతి నిషేధ చట్టం తెచ్చాయి. అప్పటికే పెద్ద టోపీల మోజు తగ్గుముఖం పట్టడం కూడా కొంగలకు కలిసివచ్చింది.

ఈనాటి దుస్తుల మీద కనిపించే ఈకల్లో ఎక్కువ భాగం పెంపకపు నిప్పుకోళ్లు, కోళ్లు, బాతులవే. పారిస్‌లో 1880 నుంచి ఈకల పని చేస్తున్న లెమారియే సంస్థను ఫ్యాషన్ సంస్థ షనెల్ 1996లో కొనుగోలు చేసింది. అంటే ఆ చేతిపని నేటికీ ఖరీదైన ఫ్యాషన్‌కు అవసరమే. పెంపకపు పక్షి కాబట్టి అభ్యంతరం ఉండనవసరం లేదన్న వాదన నాకు సరిపోదు, ఈకను కత్తిరించారా, బతికుండగా పీకారా అన్నది తెలియాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం నెమలిని చంపడాన్ని నిషేధించినా, రాలిన నెమలి ఈకల దేశీయ వ్యాపారానికి మినహాయింపు ఇచ్చింది. ఎగుమతికి మాత్రం అనుమతి లేదు. కొంగ ఈకల వ్యాపారులు చెప్పిన మాటే ఇక్కడ చట్టంలో చోటు సంపాదించింది. పట్టుబడిన ఈకలు రాలినవో పీకినవో తేల్చడానికి ప్రయోగశాలల్లో ఈక మొదలు దగ్గర రక్తం, కణజాలం అంటుకుని ఉన్నాయేమో పరీక్షిస్తారు. సంతలో నెమలి ఈకల కట్ట కొనేవారికి ఆ పరీక్ష అందుబాటులో లేదు.