ఒకే దుప్పటి కింద రెండు కార్లు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "మొదటి ఎలక్ట్రిక్ కారుకు చార్జింగ్ గన్ పెట్టినప్పుడు చార్జర్ మీద 7.2 కిలోవాట్లు అని కనిపించింది. కాసేపటికి రెండో కారు వచ్చింది. దానికి పక్క చార్జర్ గన్ పెట్టగానే మొదటిదాని అంకె 3.6కి పడిపోయింది. చార్జర్ పాడైపోయిందా తాతయ్యా?" అని అడిగారు. పాడవలేదు. ఆ క్షణంలో అది చేయవలసిన పనే చేసింది. అంకె తగ్గకపోయి ఉంటే అప్పుడు కంగారు పడాలి.

చలి రాత్రి ఒకటే దుప్పటి ఉందనుకోండి. ఒక్కరే పడుకుంటే మొత్తం కప్పుకోవచ్చు. రెండోవాళ్లు వచ్చి పక్కన చేరితే చెరిసగం. ఇద్దరూ "మొత్తం నాకే" అని చెరో వైపు లాగితే దుప్పటి చిరిగిపోతుంది, ఇద్దరికీ చలే మిగులుతుంది. ఒకరు ముందే నిద్ర లేచి వెళ్లిపోతే రెండోవాళ్లు మొత్తం చుట్టుకుని పడుకోవచ్చు. మీ గోడ మీద రెండు చార్జర్లూ రాత్రంతా చేసేది ఈ సర్దుబాటే.

ఇప్పుడు దుప్పటి వెడల్పు కొలుద్దాం. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ఇల్లు అనుకోండి. కార్ల కోసం వేసిన లైనులో 32 ఆంపియర్లు వాడుకోవచ్చు. 230ని 32తో గుణిస్తే 7,360 వాట్లు, అంటే 7.4 కిలోవాట్లకు దగ్గర. మరి మీకు 7.2 ఎందుకు కనిపించింది? మెయిన్ బోర్డు నుంచి కార్ల దగ్గరికి 25 మీటర్ల వైరు ఉంటే, అది 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరే అయినా, 32 ఆంపియర్లు పారేటప్పుడు దారిలో మూడున్నర వోల్టులు రాలిపోతాయి, చార్జర్ దగ్గరికి 7.2 కిలోవాట్లే చేరుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాదాపు ఆరు వోల్టులు. పోయిన ఆ కాస్తా వైరులో వేడిగా మారుతుంది. అందుకే దూరం పెరిగితే వైరు లావు కూడా పెరగాలి.

ఇక రెండు కార్లూ చెరో 32 లాగితే ఏమవుతుంది? 64 ఆంపియర్లు. ఆ లైనుకు 40 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఉంటే, దాని మీద ఒకటికి 1.6 రెట్లు భారం పడినట్టు. ఎంసీబీలకు ఒక నియమం ఉంది. 1.13 రెట్ల దాకా గంటసేపు పడిపోకుండా నిలబడాలి, 1.45 రెట్లు వస్తే గంటలోపు పడిపోయి తీరాలి. 1.6 రెట్లకు అంత సేపు కూడా ఆగదు. రాత్రి ఎప్పుడో టక్కున పడిపోతుంది, తెల్లారి చూస్తే రెండు కార్లూ ఖాళీగానే ఉంటాయి. ఎంసీబీ ఉన్నది చివరి కాపలా కోసం. రోజూ వాటాలు పంచే పని దానిది కాదు.

మా చిన్నతనంలో ఈ కాపలా పని పింగాణీ ముక్కలో బిగించిన సన్నటి తీగ చేసేది. కరెంటు ఎక్కువైతే ఆ తీగ కరిగి తెగేది. మాటిమాటికీ తెగుతోందని దాని బదులు లావు తీగ చుట్టేసి, దీపం వెలిగింది కదా అని సంతోషించే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది. తీగ తెగడం మానేస్తే గోడలో వైరు కాలడం మొదలవుతుంది. ఆ తప్పే ఇప్పుడు ఇంకో వేషంలో వస్తోంది. 40 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని, వైరు మార్చకుండా దాని చోట 63ది పెట్టేస్తారు. పిల్లలూ, కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు మూయించకూడదు. ఎందుకు అరుస్తున్నాడో చూడాలి.

దుప్పటి ఎవరు పంచుతున్నారన్నది అసలు ప్రశ్న. గోడ మీది పెట్టెను చార్జర్ అంటాం గానీ, నిజమైన చార్జర్ కారు లోపలే ఉంటుంది. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది అదే. గోడ మీది పెట్టెలో ఉన్నది ఒక పెద్ద స్విచ్చు, కరెంటు లీకును కనిపెట్టే కాపలా, ఇంకా కబురు చెప్పే ఏర్పాటు. గన్‌లో లావు పిన్నుల పక్కన సన్న పిన్నులు రెండు చూశారా? వాటిలో ఒకదాన్ని పైలట్ అంటారు. కబురంతా దాని మీదే నడుస్తుంది.

పైలట్ తీగ మీద ఒక సంకేతం సెకనుకు వెయ్యి సార్లు కొట్టుకుంటుంది. పైకి 12 వోల్టులు, కిందికి మైనస్ 12. ఒక్కో దెబ్బలో ఎంత భాగం పైన ఉంటే అంత కరెంటు తీసుకోవచ్చని అర్థం. పైన ఉన్న శాతాన్ని 0.6తో గుణిస్తే ఆంపియర్లు వస్తాయి. 10 శాతమైతే 6 ఆంపియర్లు, దాదాపు 27 శాతమైతే 16, 53 శాతమైతే 32. రెండో కారు రాగానే మీ చార్జర్ ఆ 53ని 27కి దించింది. మొదటి కారు అది చదువుకుని తన వాటా తగ్గించుకుంది. కబురు మారాక కారు 5 సెకన్లలోపు కిందికి దిగాలని నియమం. కారు కూడా అదే తీగ మీద బదులు చెబుతుంది. గన్ తగిలించనప్పుడు పైవైపు 12 వోల్టులు ఉంటుంది. తగిలించగానే కారులోని ఒక చిన్న రెసిస్టర్ దాన్ని 9కి లాగుతుంది. "నేను సిద్ధం, ఇవ్వు" అన్నప్పుడు 6కి లాగుతుంది. 6 కనిపించాకే పెట్టెలోని పెద్ద స్విచ్చు టక్‌మని పడుతుంది. ఇంటర్నెట్టు లేకపోయినా, ఫోను లేకపోయినా, ఏ కంపెనీ కారుకు ఏ కంపెనీ చార్జర్ పెట్టినా ఈ రెండు మాటల భాష పనిచేస్తుంది. ఇన్నేళ్లుగా తెలిసిన విషయమే అయినా, తలుచుకున్నప్పుడల్లా నాకు అబ్బురంగానే ఉంటుంది.

అయితే పైలట్ కబురు చార్జర్‌కీ కారుకీ మధ్యనే. "నా దగ్గర ఒక కారు ఉంది, నీ దగ్గర ఉందా?" అని రెండు చార్జర్లు మాట్లాడుకోవాలంటే వాటి మధ్య ఇంకో దారి కావాలి. మెలిపెట్టిన రెండు సన్న తీగల కేబుల్ వేస్తారు, లేదా వైఫై వాడతారు. కార్లు ఆపే చోట వైఫై తరచూ బలహీనంగా ఉంటుంది కాబట్టి నేను తీగనే నమ్ముతాను. ఆ తీగ వేసేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. ఒక పెట్టెలోని 'A' పిన్నును రెండోదాంట్లోని 'B' పిన్నుకు కలిపేస్తారు. లేదంటే రెండు పెట్టెలకూ ఒకే నంబరు ఇస్తారు. ఇద్దరికీ ఒకే పేరుంటే పిలిచినప్పుడు ఎవరు పలకాలి?

సెట్టింగుల్లో ఒక పెట్టెను రెండింటికీ పెద్దదిక్కుగా నిర్ణయించి, గుంపు మొత్తానికి 32 ఆంపియర్లు అని రాయాలి. మాట తెగిపోతే ఒక్కొక్కటీ 6 ఆంపియర్లకు దిగాలనో, పూర్తిగా ఆగిపోవాలనో కూడా రాయాలి. చాలామంది ఈ చివరి అంకెను చూడకుండా వదిలేస్తారు. అది 32గా మిగిలిపోయి ఉంటే, తీగ ఊడిన రాత్రి రెండు పెట్టెలూ దేనికది మొత్తం దుప్పటి లాక్కుంటుంది. పని ముగించే ముందు రెండు కార్లూ చార్జ్ అవుతుండగా ఆ కబురు తీగను ఊడదీసి చూపించమని ఎలక్ట్రీషియన్‌ని అడగమని అమ్మానాన్నలకు చెప్పండి. కరెంటు కిందికి దిగితేనే ఆ పని పూర్తయినట్టు.

ఇంట్లో వేరే పెద్ద సామాన్లు కూడా ఉంటాయి కదా. నీళ్లు కాచే గీజరు, కరెంటు పొయ్యి, ఏసీ. వాటి వాడకాన్ని బట్టి కార్ల వాటా మారాలంటే మీటరు దాటగానే, లైన్లు చీలకముందే, మెయిన్ ఫేజు వైరు చుట్టూ ఒక చిన్న రింగు బిగిస్తారు. దాన్ని సీటీ క్లాంప్ అంటారు. వైరును కోయకుండానే అందులో పారే కరెంటును కొలుస్తుంది. ఆ రింగులో ఫేజు వైరు ఒక్కటే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి దూర్చేస్తే వెళ్లే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రింగుకు సున్నా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ ఏమీ వాడటం లేదనుకుని చార్జర్ ఉన్నదంతా కార్లకు ఇచ్చేస్తుంది. రింగు మూత టిక్కుమని పూర్తిగా మూసుకోవాలి. సన్నటి సందు మిగిలినా కొలత తప్పుతుంది.

ఇక్కడ దుప్పటి ఇంకోసారి పనికొస్తుంది. దుప్పటిని జానెడు మడిచి ఇస్తే ఎవరికీ చలి ఆగదు. అలాగే పైలట్ భాషలో 6 ఆంపియర్ల కంటే తక్కువ చెప్పడానికి వీల్లేదు. రెండు కార్లకు కలిపి కనీసం 12 కావాలి. ఇల్లంతా వాడుకోగా 10 ఆంపియర్లే మిగిలాయనుకోండి. చెరో 5 కుదరదు. ఒక కారుకు మొత్తం 10 ఇచ్చి రెండోదాన్ని ఆపి, కొంతసేపయ్యాక మార్చాలి. మంచి చార్జర్లు ఈ వంతులు వాటంతట అవే వేస్తాయి. నన్నడిగితే, 12 మిగిలినప్పుడు కూడా చెరో ఆరుగా చినుకులు చిలకరించడం కంటే వంతులే మేలు. చార్జింగ్ జరుగుతున్నంతసేపూ కారులోని సర్క్యూట్లు, పంపులు రెండు మూడు వందల వాట్లు తమకోసం వాడుకుంటాయి. 6 ఆంపియర్లంటే 1,380 వాట్లే. అందులో అయిదో వంతు దాకా అక్కడే పోతుంది. 16 ఆంపియర్ల దగ్గర ఆ నష్టం పదో వంతు కూడా ఉండదు.

వంతుల్లో ఒక చిక్కుంది. ఎక్కువసేపు ఆపితే కొన్ని కార్లు నిద్రలోకి జారుకుని, తమ వంతు వచ్చినా లేవవు. అలాంటప్పుడు ఆపే సమయాన్ని తగ్గించాలి, లేదా పైలట్‌ను ఒక్క క్షణం కట్ చేసి కారును తట్టిలేపే సెట్టింగు పెట్టాలి. ఇంకో చిక్కు మనుషులు తెచ్చేది. కారులో "రాత్రి 11 నుంచి 2 దాకా" అని ఒక టైమరు పెడతారు, చార్జర్‌లో "2 నుంచి 6 దాకా" అని ఇంకొకటి పెడతారు. ఒకటి సిద్ధమైనప్పుడు రెండోది వద్దంటుంది. టైమరు ఎప్పుడూ ఒక్కచోటే ఉండాలి. రెండు కార్లను పంచాల్సింది చార్జర్ కాబట్టి అందులోనే పెట్టి, కార్లలోవి తీసేయాలి.

త్రీ ఫేజ్ ఇళ్లకు ఇంకో మాట. చాలా కార్లు ఒక్క ఫేజు మీదే చార్జ్ అవుతాయి, అదీ మొదటి ఫేజు మీద. రెండు పెట్టెలనూ ఒకేలా కలిపితే రెండు కార్లూ ఒకే ఫేజు మీద కూర్చుంటాయి, మిగతా రెండు ఫేజులూ ఖాళీ. రెండో పెట్టెకు ఫేజుల వరస ఒక మెట్టు జరిపి కలపాలి, జరిపినట్టు సెట్టింగులోనూ రాయాలి.

"సగం సగం ఇస్తే తెల్లారేసరికి నిండుతాయా?" అనేది మీ రెండో ప్రశ్న. దీనికి దుప్పటి చాలదు, బిందెలు కావాలి. కారు రోజుకు 40 కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగే కారైతే 6 యూనిట్లు ఖర్చవుతాయి, చార్జింగ్‌లో పోయేది కలిపితే 7. రెండు కార్లకు 14. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 3.6 కిలోవాట్ల చొప్పున ఒక్కో కారుకు 28 యూనిట్లకు పైనే వస్తాయి. కావలసింది ఏడు! అందుకే రెండు చార్జర్లనూ శాశ్వతంగా చెరో 16కి కట్టేసి, కబురు తీగ లేకుండా బతికే ఇళ్లు కూడా హాయిగా ఉంటాయి. ఒక కారు పూర్తిగా ఖాళీ అయి, తెల్లవారుజామునే దూరం వెళ్లాల్సిన రోజునే సర్దుబాటు విలువ తెలిసేది.

సగం కరెంటులో ఇంకో మేలుంది. స్క్రూ కింద వైరు బిగించిన చోట పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 32 సగమై 16 అయితే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఇళ్లలో చార్జర్ మంటలకు ఆ వదులు స్క్రూ ఒక ముఖ్యమైన కారణం. రోజూ గంటల తరబడి వేడెక్కి చల్లారి, రాగి వ్యాకోచించి సంకోచించి, నెలల మీద పట్టు సడలుతుంది. అందుకే టార్క్ స్క్రూడ్రైవర్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి, పోగుల వైరుకు కొన మీద లగ్గు (లోహపు తొడుగు) వేయాలి, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఇదంతా ఎలక్ట్రీషియన్ పని. మామూలు ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి రెండో కారు పెట్టడం ఎవరి పనీ కాదు, ఎప్పుడూ చేయకూడదు. ఒక్కో చార్జర్‌కు దాని సొంత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే లీకును కనిపెట్టి కరెంటు ఆపేసే స్విచ్చు, ఉండాలి. రెండింటికీ ఒకటే పెడితే ఒకదాని లీకుకు రెండూ ఆరిపోతాయి. కారు నుంచి 6 మిల్లీ ఆంపియర్లకు మించి డీసీ లీకైతే మామూలు ఆర్‌సీసీబీ మొద్దుబారి పడాల్సినప్పుడు పడకపోవచ్చు. అందుకే ఆ డీసీని పసిగట్టే ఏర్పాటు చార్జర్‌లో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

బోర్డు మూత మీరు తీయకండి. బయటి నుంచి చూడటానికే బోలెడుంది. పెట్టె చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, గుయ్యిమని మోత వస్తోందా, కాలిన వాసన వేస్తోందా చూడండి. ఏదున్నా ముట్టుకోకుండా పెద్దవాళ్లకు చెప్పండి.

వచ్చే సెలవు రోజు పగటిపూట రెండు కార్లకూ గన్ పెట్టించండి. అంకెలు రెండూ 3.6 దగ్గర నిలిచాక, మొదటి కారు చార్జింగ్ ఆపమని నాన్నకు చెప్పి మీరు రెండో పెట్టె ముందు నిలబడండి. మొదటి పెట్టెలో టక్‌మని శబ్దం వినపడుతుంది. ఆ శబ్దానికీ, రెండో పెట్టె మీద అంకె 3.6 నుంచి 7.2కి చేరడానికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ఒక్కసారిగా ఎగిరిందా, మెట్లు మెట్లుగా ఎక్కిందా? ఆ సంగతి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య