బైకుల్లా ఫుట్‌పాత్ ఆడవాళ్లు కట్టి చూపించిన ఇల్లు

ముంబైలో గూడు కోసం జరిగిన పోరాటాల మీద పాటలున్నాయి, నాటకాలున్నాయి, సినిమాలున్నాయి. వీటన్నిటిలో సర్కారును గట్టిగా కదిలించింది ఏదని అడిగితే నేను మాత్రం 1980లలో బైకుల్లా ఫుట్‌పాత్‌ల మీద బతికిన ఆడవాళ్లు కర్రలతో, గుడ్డతో నిలబెట్టిన ఒక నమూనా ఇంటినే చెబుతాను. దాని కింద ఏ కళాకారుడి సంతకమూ లేదు. దాన్ని కళ అని అప్పుడు ఎవరూ అనుకోలేదు కూడా. అక్కడిదాకా ఎలా వచ్చారో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. రెండేళ్లకు ఊరిని బాగుచేసే పేరుతో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అనే సర్కారు సంస్థ పుట్టింది. రోగం ఇరుకు ఇళ్ల వల్లేనని పేదల వాడలను కూల్చేశారు. కూల్చినంత వేగంగా కట్టలేదు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీల్లో బీడీడీ చాల్‌లు కట్టింది. పొడుగాటి వరండా, వరసగా ఒంటిగదులు, అంతస్తుకు కలిపి మరుగుదొడ్లు. ఒక్కో గదిలో రెండు మూడు కుటుంబాలు, షిఫ్టులవారీగా నిద్ర. ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. నిజాం ఇలాకా తెలుగు ప్రాంతాల నుంచి వచ్చి ఇళ్లూ రోడ్లూ కట్టిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా ఏర్పడింది. వర్లీ చాల్‌లలో మిల్లు మగ్గాల దగ్గర పనిచేసిన పద్మశాలీ కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి. ఊరు కట్టినవాళ్లకు ఆ ఊళ్లో ఇల్లు లేకపోవడమనే సంగతి మొదట పాటలోకి ఎక్కింది ఇలాంటి గదుల్లోంచే.

ఆ పాటకు పెద్ద పేరు అణ్ణాభావు సాఠే. 1920లో సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో మాంగ్ అనే దళిత కులంలో పుట్టాడు. బడి చదువు లేదు. కుటుంబంతో కాలినడకన ముంబై చేరాడని చెబుతారు. మాటుంగా లేబర్ క్యాంపులో ఉన్నప్పుడు అక్కడి దోమల మీద పోవాడా కట్టాడని కూడా చెబుతారు. పోవాడా అంటే శివాజీ లాంటి వీరుల గాథలు పాడే మరాఠీ పద్ధతి, మన బుర్రకథకు దగ్గరి చుట్టం. వీరగాథ బాణీలో దోమల బాధ పాడటంలోని వెటకారం క్యాంపు జనానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1944లో అమర్ షేక్, దత్తా గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథక్ పెట్టాడు. లాల్ బావటా అంటే ఎర్రజెండా. 1943లో బొంబాయిలో ఇప్టా అనే ప్రజా నాటక సంఘం పుట్టిన గాలే ఇటు తెలుగునాట ప్రజానాట్యమండలిని నడిపించింది. నాజర్ బుర్రకథ చెబుతున్న రోజుల్లోనే అణ్ణాభావు గిరణ్‌గావ్‌లో, అంటే మిల్లుల పేటలో, తమాషా అనే మరాఠీ జానపద ఆటపాటను కార్మికుల సభల్లోకి తెచ్చాడు. అతని ‘ముంబైచీ లావణి’ శృంగారానికి పేరుపడ్డ లావణి అనే మరాఠీ పాట బాణీలో ఊరి పటం గీస్తుంది. ఎత్తు మీద మలబార్ హిల్, అది ఇంద్రపురి, కుబేరుల నివాసం. కింద పరేల్, రాత్రింబవళ్లు చాకిరీ చేసి దొరికింది తినేవాళ్లు. ఒకే ఊళ్లో రెండు ఊళ్లున్నాయని సర్వేలు చేసి చెప్పేవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు. ఆ పాటంత పొదుపుగా మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ పాట రాసినవాడు రెండు దశాబ్దాలకు పైగా ఘాట్‌కోపర్ చిరాగ్ నగర్ గుడిసెల్లోనే ఉన్నాడు. గోరేగావ్‌లో సర్కారు ఇల్లు దక్కింది చివరి రోజుల్లో, 1969లో చనిపోయాడు. 2002లో తపాలా బిళ్ల వేశారు, 2022లో మాస్కోలో విగ్రహం పెట్టారు. బతికుండగా ఇల్లివ్వడానికి అంత ఆలస్యం చేసిన ప్రభుత్వాలు పోయాక స్మారకాలకు మాత్రం వెనకాడవు.

ఇటు సర్కారు కూడా ఒక కథ చెబుతూ వచ్చింది. అందులో గుడిసెవాసి అంటే ఆక్రమణదారు, నేరగాడు, ఊరికి పట్టిన మురికి. 1976 జనవరిలో గుడిసెలను లెక్కపెట్టి ఫొటో పాసులనే గుర్తింపు కార్డులిచ్చారు. ఆ లెక్కలో ఉన్నవాడికి కాస్త రక్షణ, లేనివాడికి బుల్డోజర్. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లయితే లెక్కలోకే రాలేదు. అదే ఏడాది, ఎమర్జెన్సీలో, అణుకేంద్రం పక్కనున్న జనతా కాలనీని ఖాళీ చేయించి సుమారు 70 వేల మందిని చీతా క్యాంపుకు తరలించారు. ఆ కాలనీ నాయకుడు జాకిన్ అర్పుతం కోలార్ గనుల ఊళ్లో పుట్టి, 1960లలో ముంబై వచ్చి వీధిలో పడుకున్న మనిషి. మునిసిపాలిటీ చెత్త ఎత్తడం లేదని కాలనీ పిల్లలను పోగేసి, తలా కాస్త చెత్త మోయించి, తీసుకెళ్లి మునిసిపల్ ఆఫీసు ముందు పోయించాడు. దాన్ని ధర్నా అనండి, వీధి నాటకం అనండి. చెప్పాల్సింది అధికారి కళ్ల ముందు పెట్టాలన్న కిటుకు అతనికి అప్పుడే పట్టుబడింది.

1981 జులై 13న ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ఫుట్‌పాత్ నివాసులను వాళ్ల సొంతూళ్లకు పంపేస్తామని ప్రకటించాడు. పది రోజులకు, నడివానల్లో, కూల్చివేత మొదలైంది. జనాన్ని బస్సులెక్కించి ఊరు దాటించారు. జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985 జులై 10 నాటి ఆ తీర్పును చట్టం కోసమే కాదు, కథ కోసం కూడా చదవాలి. సేలం ప్రాంతం నుంచి కరువుకు తాళలేక 1961లో వచ్చిన కూలీ ఒకాయన, హైవే పక్క ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ షీట్ల గూడు కోసం ఒక దాదాకు 2,500 రూపాయలు ముట్టజెప్పాడు. కూల్చేసి బస్సెక్కిస్తే, పని కోసం మళ్లీ ముంబైకే వచ్చి మళ్లీ ఫుట్‌పాత్ మీదే చేరాడు. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం తేల్చింది. దేశమంతా ఇప్పటికీ ఉటంకించే మాట అది. అదే తీర్పు, వానాకాలం అయ్యాక, అక్టోబర్ 31 తర్వాత, గుడిసెలు తీసేయవచ్చని కూడా అంది. మొదటి సగాన్ని లా కాలేజీల్లో చెబుతారు. రెండో సగం ఫుట్‌పాత్ వాళ్లకు బాగా గుర్తు.

ఆ ఏడాదే ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీ ‘హమారా శహర్’ వచ్చింది. బుల్డోజర్లు, వాటి ముందు తిట్టే ఆడవాళ్లు, ఇంకోపక్క చల్లటి గదుల్లో కూర్చుని ఊరి అందం గురించి బాధపడే పెద్దమనుషులు. వీటి మధ్య విలాస్ ఘోగ్రే పాట. ఘోగ్రే ములుండ్ గుడిసెల్లో ఉన్న దళిత గాయకుడు, అణ్ణాభావు దారిలో నడిచిన షాహిర్, అంటే జనం పాటలు కట్టి పాడేవాడు. సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. 1986లో నారీమన్ పాయింట్ దగ్గరి సంజయ్ గాంధీ నగర్‌ను కూల్చేస్తే పట్వర్ధన్, షబానా ఆజ్మీ, బస్తీ జనంతో పాటు నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరికి గోరేగావ్ వైపు స్థలం దొరికింది. సినిమా తెచ్చిన సానుభూతి, సినిమా తార తెచ్చిన కెమెరాలు, జనం పట్టుదల, మూడూ కలిస్తే ఒక్క బస్తీకి చోటు దొరికింది. మిగతా బస్తీల కోసం అన్నిసార్లు తారలు రారు కదా.

బైకుల్లాలో ఇంకో దారి మొదలైంది. కోర్టు తీర్పు తర్వాత కూల్చివేత తప్పదని అందరూ టెన్షన్‌లో ఉన్న రోజులవి. 1984లో పుట్టిన స్పార్క్ అనే సంస్థ, ఫుట్‌పాత్ ఆడవాళ్లు కలిసి తమను తామే లెక్కపెట్టుకున్నారు. దాదాపు ఆరు వేల కుటుంబాలు, 27 వేల మంది. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని చేస్తున్నారు, పనికి ఎలా వెళ్తున్నారు అని రాసుకున్నారు. చాలామంది పనికి నడిచే వెళ్తారు. దూరంగా విసిరేస్తే పని పోతుంది. సర్కారు లెక్కలో లేనివాళ్లు పుస్తకంలోకి ఎక్కారు. ఆ నివేదికకు ‘మేం కనబడని వాళ్లం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

తర్వాత ఆ ఆడవాళ్ల సంఘం మహిళా మిలన్ ఏర్పడింది. ఎక్కువమంది బీహార్ లాంటి చోట్ల నుంచి వచ్చిన పేద ముస్లిం ఆడవాళ్లు. రోజుకింత పొదుపు చేస్తూ, అసలు మనకు ఎలాంటి ఇల్లు కావాలి అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాగితం మీది ప్లాన్ వాళ్లకు అర్థం కాదు. అడుగు అంటే ఎంతో, గది అంటే ఎంతో చీరతో, చేతితో, ఒంటితో కొలిచి చూసుకున్నారు. ఇంటి ఎత్తు 14 అడుగులు ఉండాలన్నారు. ఎందుకంటే మధ్యలో అటక వేసుకుంటే కింద వంట, కుట్టుపని. పైన పిల్లల పడక. అదే నేల, రెండింతల చోటు. దొడ్లు ఇంట్లో వద్దు, బయట కొన్ని ఇళ్లకు కలిపి ఉంటే చాలు, ఖర్చు తగ్గుతుంది అన్నారు. ఇంజనీర్లకు ఇది నచ్చలేదు. కానీ ఎదురుగా నిండు పరిమాణంలో ఇల్లు నిలబెట్టి, లోపలికి రండి, నిటారుగా నిలబడండి, అటక ఎక్కి చూడండి అంటే వాదన మారిపోతుంది. అధికారులు వచ్చారు, వేరే ఊళ్ల బస్తీల ఆడవాళ్లూ వచ్చారు. ఇల్లు లేనివాళ్లు ఇంటి గురించి ప్రభుత్వానికి పాఠం చెప్పిన ప్రదర్శన అది.

పాట వినేవాడు జాలిపడి ఇంటికెళ్లిపోవచ్చు. ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన అధికారి మాత్రం ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ కట్టాలి అని అడగక తప్పలేదు. నేను దాన్ని అన్నిటికన్నా పైన పెట్టడానికి కారణం ఇదే. అలాగని పాటను తక్కువ చేయలేం. తామూ ఈ ఊరివాళ్లమేనన్న ధైర్యం జనానికి ముందు పాటలోంచే వచ్చింది. 1995 ప్రాంతంలో మహారాష్ట్ర సర్కారు గుడిసెల పునరావాస విధానంలోకి ఫుట్‌పాత్ వాళ్లనూ చేర్చింది. మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్ లేచింది, అటకతో సహా. నమూనా ఇంటి పద్ధతి దక్షిణాఫ్రికా బస్తీలకూ వెళ్లింది. స్పార్క్, మహిళా మిలన్ వాళ్లు సర్కారుతో, ప్రపంచ బ్యాంకుతో కూర్చుని మాట్లాడటం లొంగిపోవడమేనని విమర్శించిన ఉద్యమకారులున్నారు. ఊరి చివరి పునరావాస టవర్లలో ఊపిరాడని గదులు చూస్తే ఆ విమర్శను కొట్టిపారేయలేం.

పాట పాడినవాళ్ల సంగతి అంత చక్కగా ముగియలేదు. 1997 జులై 11న ఘాట్‌కోపర్ రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేస్తే జనం నిరసనకు దిగారు. పోలీసులు కాల్చారు, పది మంది పోయారు. కొద్ది రోజులకే విలాస్ ఘోగ్రే తన గుడిసెలో ప్రాణం తీసుకున్నాడు. పట్వర్ధన్ ఆ కథ వెంట పద్నాలుగేళ్లు తిరిగి 2011లో ‘జై భీమ్ కామ్రేడ్’ తెచ్చాడు.

ఇప్పుడు అందరి చూపూ ధారావి మీద. అక్కడి కుర్రాళ్ల ర్యాప్ దేశమంతా వింటోంది, బస్తీలో కళా ప్రదర్శనలూ జరిగాయి. పునర్నిర్మాణం పని 2022లో అదానీ గ్రూపుకు దక్కింది. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నవాళ్లకు ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితం. ఆ తర్వాత, 2011లోపు వచ్చినవాళ్లు రెండున్నర లక్షలు కట్టి ధారావి బయటికి వెళ్లాలి. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు అద్దె కడుతూ సొంతం చేసుకునే ఇళ్లు, అవీ బయటే. అర్హుల లెక్క తేల్చే సర్వేలో తలుపుల మీద నంబర్లు పడ్డాయి. ఈసారి నోటుబుక్కు పట్టుకుని తిరిగింది బస్తీ ఆడవాళ్లు కాదు, ప్రాజెక్టు మనుషులు.