నాపరాయి మీద ఫెర్న్, సింగరేణిలో డైనోసార్: శిలాజాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను చదివేది గోదావరి లోయలోని గోండ్వానా రాళ్ళు (ఇండియా, దక్షిణ ఖండాలు ఒకటిగా ఉన్న కాలం నాటివి), వాటిలో మిగిలిపోయిన మొక్కల శిలాజాలు. చుట్టాలకి మాత్రం "బొగ్గు మీద రీసెర్చ్" అని చెప్పి ఊరుకుంటాను. అయినా పెళ్ళిళ్ళలో, వాట్సాప్‌లో అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: మా ఇంటి బండ మీద ఫెర్న్ మొక్క అచ్చు పడింది

నాకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ ఇవే. వసారాలో పరిచిన నాపరాయి, దాని మీద నల్లగా కొమ్మలూ రెమ్మలూ. అది మొక్క కాదు. రాతి పగుళ్ళలోకి దిగిన నీటిలోంచి మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు పేరుకుంటూ అలా పాకుతాయి. వీటిని డెండ్రైట్లు అంటారు. ఆకుకి ఈనెలుంటాయి, అంచు ఉంటుంది, రెమ్మలు ఒక పద్ధతిగా వస్తాయి. డెండ్రైట్ పగులు అంచు దగ్గర మొదలై ఎటు సందు దొరికితే అటు పోతుంది.

బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళ విషయంలోనైతే ఇంత పరీక్ష కూడా అక్కర్లేదు. నేల మీద మొక్కల ఆనవాళ్ళు మొదలయ్యేది సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందట. ఆ సున్నపురాళ్ళు అంతకంటే బాగా పాతవి. ఫెర్న్ పుట్టకముందే గట్టిపడిన బురదలో ఫెర్న్ ఎలా ఉంటుంది? అందుకే ఎవరైనా ఫొటో పంపితే "రాయి ఎక్కడిది?" అనే ముందు అడుగుతాను. ఏ పొరదో తెలిస్తే సగం జవాబు తెలిసినట్టే.

ఆ కాలపు రాళ్ళలో జీవం ఆనవాళ్ళు లేవని కాదు. కడప బేసిన్‌లోని వేంపల్లె పొరల్లో అడ్డంగా కోసిన ఉల్లిపాయలా వలయాలు కనిపిస్తాయి. అవి స్ట్రొమటోలైట్లు, లోతు తక్కువ నీళ్ళలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న దిబ్బలు. వాటిని మొక్కలనకూడదు.

ఇలా భ్రమపడేది మామూలు జనమే అనుకోకండి. 2021లో మధ్యప్రదేశ్‌లోని భీంబెట్కా గుహ గోడ మీద సుమారు 55 కోట్ల ఏళ్ళ నాటి డికిన్‌సోనియా అనే తొలితరం జంతువు శిలాజం దొరికిందని రీసెర్చ్ పేపర్ వచ్చింది, దేశమంతా వార్త అయింది. 2023కల్లా అది రాతికి అంటుకుని చివికిపోయిన తేనెపట్టు అని తేలింది. మొదట ప్రకటించిన శాస్త్రవేత్త కూడా ఒప్పుకున్నాడు.

అపోహ: కార్బన్ డేటింగ్ చేస్తే వయసు తెలిసిపోతుంది

టీవీ వాళ్ళ పుణ్యమా అని ఇది అందరికీ తెలిసిన మాట. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకి సగమైపోతుంది. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్ళకి పైబడినది. దానికి కార్బన్ డేటింగ్ చేసి లాభం లేదు.

మరి మేమేం చేస్తాం? పొరల మధ్య అగ్నిపర్వత బూడిద దొరికితే అదృష్టమే. అందులోని జిర్కాన్ అనే ఖనిజం రేణువుల్లో యురేనియం ఎంతవరకు సీసంగా మారిందో కొలిచి వయసు చెప్పొచ్చు. చాలాచోట్ల ఆ బూడిద దొరకదు. అప్పుడు పుప్పొడే దిక్కు.

బోరు వేసి తీసిన రాతి కడ్డీ (కోర్) నుంచి షేల్, అంటే గట్టిపడిన బురద రాయి, ముక్కని నలగ్గొట్టి మొదట హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తాం, సున్నం పోతుంది. తర్వాత హైడ్రోఫ్లోరిక్. ఇది ఇసుకనీ బంకమట్టినీ కరిగిస్తుంది, గాజునీ వదలదు, అందుకని పనంతా ప్లాస్టిక్ బీకర్లలోనే. చర్మం మీద పడితే ఒక్కోసారి వెంటనే మంట కూడా తెలియదు, లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేంత దూరంలో లేకుండా మా ల్యాబ్‌లో ఎవరూ ఆ సీసా మూత తీయరు. రాయంతా కరిగాక అడుగున కాస్త నల్లటి మడ్డి మిగులుతుంది. పుప్పొడి ఉండేది అందులోనే. దాని పైగోడ ఎంత గట్టిదంటే, రాతిని కరిగించిన ఆమ్లానికి కూడా లొంగదు.

ఆ మడ్డిని స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. చుట్టూ ఒకటే గాలితిత్తి ఉన్న రేణువులు ఎక్కువుంటే మనం కింది పొరల్లో, అంటే బొగ్గుకి ముందటి మంచుయుగానికి దగ్గరగా ఉన్నట్టు. రెండు తిత్తులు, ఒంటి మీద చారలు ఉన్నవి ఎక్కువైతే బొగ్గు పొరల్లోకి, ఇంకా పైకి వచ్చినట్టు. పక్కపక్క బోర్లలో కనిపించిన రెండు సీములు (బొగ్గు పొరలు) ఒకటేనా వేర్వేరా అనే గొడవ కూడా చాలాసార్లు ఇలాగే తీరుతుంది.

కొత్త ఆధారం వస్తే వయసు మారుతుంది కూడా. ఏలూరు జిల్లా గొల్లపల్లి దగ్గరి ఆకుల శిలాజాల్ని 1877లో ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త జురాసిక్ కాలానివి అన్నాడు. మన తూర్పు తీరంలోని ఆ పొరల్ని ఇప్పుడు దాని తర్వాతి కాలమైన తొలి క్రెటేషియస్ కిందే లెక్కేస్తున్నాం, పుప్పొడీ సముద్ర జీవుల శిలాజాలూ అటే చెప్తున్నాయి.

అపోహ: పొరలన్నీ ఒకదాని మీద ఒకటి ఖాళీ లేకుండా ఉంటాయి

తిరుమల ఘాట్ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు కొండ కోతని చూడండి. కింద గ్రానైటు, దాని మీద అడ్డంగా పేర్చినట్టు క్వార్ట్‌జైటు. రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు. ఆ కాలంలో అక్కడ ఏదన్నా పేరుకుని ఉంటే అది కొట్టుకుపోయింది. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. మొక్కుబడి తొందరలో మనవాళ్ళెవరూ అటు తల తిప్పరు.

అపోహ: బొగ్గు గనుల్లో డైనోసార్లు దొరుకుతాయి

దొరకవు. 1871లో ఇల్లెందు దగ్గర జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ గుర్తించిన సింగరేణి బొగ్గు, డైనోసార్లు పుట్టడానికి చాలా ముందుది. డైనోసార్లు కావాలంటే అదే గోదావరి లోయలో ఇంకా పై పొరలకి, మలేరి, కోట పొరలకి వెళ్ళాలి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం అక్కడిదే.

బొగ్గంటే వేడి, ఉక్కపోత, దట్టమైన అడవి అన్న ఊహ కూడా మన విషయంలో చెల్లదు. బొగ్గు పొరల కింద తాల్చీర్ అనే పొరలుంటాయి, వాటిలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్రాళ్ళు కనిపిస్తాయి. ఆ మంచు కరిగాక, దక్షిణ ధ్రువం వైపున్న చల్లటి నేల మీద, చిత్తడిలో పెరిగిన చెట్లే మన బొగ్గు. వాటిలో ముఖ్యమైంది గ్లోసోప్టెరిస్. ఆకులు రాల్చే చెట్టు, చాలాచోట్ల పొరకి పొర ఆకులే దొరుకుతాయి.

ఓపెన్‌కాస్ట్ ఓబీ డంపు (బొగ్గు మీది నుంచి తీసిన మట్టీ రాళ్ళూ పోసిన గుట్ట) దగ్గర కూర్చుని బూడిదరంగు షేల్‌ని ఉలితో పొర వెంట తడితే రెండు ముక్కలవుతుంది. రెండింటి మీదా అదే ఆకు, ఒకదాని మీద ఉబ్బు, రెండోదాని మీద గుంట. నాలుకలాంటి ఆకు, మధ్యలో లావుపాటి ఈనె, రెండు పక్కలా వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. కొన్నిసార్లు మెరిసే నల్లటి పొర ఇంకా అంటుకునే ఉంటుంది. ఎండ తగిలితే అది పెచ్చులుగా లేచిపోతుంది కాబట్టి వెంటనే పేపర్లో చుట్టాలి. అదంటే మాకు ప్రాణం. ఆమ్లంలో నానబెట్టి ఆ పెచ్చుని పలచబరిస్తే ఆకు పైచర్మం, దాని మీద పత్రరంధ్రాలు బయటపడతాయి. ఆ రంధ్రాలు ఎంత ఒత్తుగా ఉన్నాయో చూసి అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుండేదో అంచనా వేస్తారు.

1828లో పేరు పెట్టిన బ్రోన్యార్ దీన్ని ఫెర్న్ అనుకున్నాడు. ఇది విత్తనాల మొక్క అని గట్టిగా తేలడానికి 1952లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆకుకి అంటుకుని ఉన్న పునరుత్పత్తి భాగాల్ని చూపించేదాకా ఆగాల్సి వచ్చింది. అంటార్కిటికాలో ప్రాణాలు పోయే స్థితిలోనూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం వదలకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్ళలో ఉన్నది కూడా ఈ ఆకే. ఆ రాళ్ళు 1912లో వాళ్ళ శవాల దగ్గర దొరికాయి. ఒకే చెట్టు సముద్రాలు దాటి ఇండియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా అన్నిట్లోనూ ఎలా ఉందన్న ప్రశ్నే ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదనకి బలమిచ్చింది.

అపోహ: శిలాజం దొరికితే లక్షలొస్తాయి, తెచ్చిస్తే మీకూ ఉపయోగం

ఎక్కడిదో తెలియని ఆకు శిలాజం మాకు పేపర్‌వెయిట్‌కి తప్ప పనికిరాదు. ఏ ఊరు, ఏ వాగు, ఏ పొర, బొగ్గు సీముకి ఎంత పైన అన్నది రాసి ఉంటేనే అది శాంపిల్. 1989లో ఆస్ట్రేలియాకి చెందిన జాన్ టాలెంట్ నేచర్ పత్రికలో బయటపెట్టిన కుంభకోణం ఇలాంటిదే. ఒక భారతీయ ప్రొఫెసర్ ఇతర దేశాల శిలాజాల్ని హిమాలయాల్లో దొరికినవిగా చూపిస్తూ ఏళ్ళ తరబడి పేపర్లు రాశాడు. శిలాజాలు నిజమైనవే. చోటు అబద్ధం కావడంతో వాటిని నమ్ముకుని హిమాలయాల చరిత్ర రాసినవాళ్ళ శ్రమా అనుమానంలో పడింది.

అపోహ: ఈ చదువుకి ఉద్యోగాల్లేవు, అందులో అమ్మాయిలకి అసలు కుదరదు

జియాలజీ చదివితే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరొచ్చు. సింగరేణి ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వే ఓఎన్‌జీసీకి పుప్పొడి చూసి పొర చెప్పేవాళ్ళు కావాలి. అచ్చంగా శిలాజ మొక్కల మీదే పని చేస్తానంటే మాత్రం పోస్టులు తక్కువ, ఆ టెన్షన్ ఉన్నదే. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. శిలాజ మొక్కల శాస్త్రవేత్త సాహ్నీ స్వయంగా శిలాజాలు పొదిగిన రాయితో 1949 ఏప్రిల్ 3న నెహ్రూ ఆ సంస్థకి శంకుస్థాపన చేశారు. వారానికే సాహ్నీ పోయారు. తర్వాత దాన్ని నిలబెట్టింది ఆయన భార్య సావిత్రి సాహ్నీ.

అమ్మాయిల సంగతికొస్తే, 1952 గనుల చట్టం భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పనిచేయకూడదంది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక పనులకి ఆ నిషేధం సడలించారు. ఫీల్డ్‌లో నాకు రాళ్ళ బరువు కంటే బాత్రూమ్ లేకపోవడమే పెద్ద సమస్య. దాన్ని మాత్రం ఏ సెలక్షన్ కమిటీ అడగదు.

మీ పొలంలోనో గుట్టలోనో నిజంగా ఆకులాంటిది కనిపిస్తే పెకిలించకండి, నీళ్ళతో రుద్దకండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరగా ఒక ఫొటో, చుట్టూ రాయి కనిపించేలా ఇంకో ఫొటో తీసి, లొకేషన్‌తో కలిపి దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి పంపండి.