సముద్రానికి మ్యూజియం కట్టాలంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

విశాఖ బీచ్ రోడ్డులో కట్టాలని మీరు గీసి పంపిన సముద్ర మ్యూజియం బొమ్మ చూశాను. అద్దాల గోడలూ, రాత్రంతా వెలిగే దీపాలూ ముచ్చటగా ఉన్నాయి. అయితే సముద్రం గురించి చెప్పే ఇల్లు ఆ సముద్రానికే చేటు చెయ్యకూడదర్రా.

అసలు అంతా కొత్తగా కట్టాలా? మన ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది కదా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటేడు అదే మ్యూజియమైంది. పాతది పనికొస్తే ఆ మేరకు సిమెంటూ, ఇనుమూ మిగిలినట్టే.

నాకు బాగా నచ్చింది కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం. 1984లో తెరిచారు. అక్కడ మునుపు సార్డీన్లను, అంటే మన కవళ్ళ జాతి చేపలను, డబ్బాల్లో నింపే కార్ఖానా ఉండేది. పట్టీ పట్టీ చేపలు తరిగిపోయాయి, సముద్రమూ మారింది, ఆ వీధిలో కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. పాత బాయిలర్లను ఇప్పటికీ చూపిస్తారు. ఆ ఊరి సముద్రం కథ అక్కణ్ణించే మొదలవ్వాలి మరి!

తొట్లలోకి నీళ్ళు ఎదురుగా ఉన్న సముద్రం నుంచే తోడతారు. పగలు చూసేవాళ్ళకు తేటగా కనబడాలని వడకట్టిన నీళ్ళు, రాత్రి వడకట్టనివి. ఆ నీళ్ళతో వచ్చే కంటికి ఆనని జీవులే లోపలి ప్రాణుల్లో కొన్నిటికి మేత. కొన్నయితే తొట్టిలో రాళ్ళకు అంటుకుని అక్కడే పెరుగుతాయి. 28 అడుగుల ఎత్తు తొట్టిలో కెల్ప్ అనే పెద్ద నాచు ఉంది. అది వేళ్ళతో కాదు, ఆకులతో నీళ్ళలోంచి పోషకాలు పీలుస్తుంది. నీరు కదలకపోతే బతకదు. అందుకని ఒక యంత్రంతో నీటిని ఊపుతారు, ఎండ కోసం పైన కప్పు వెయ్యకుండా వదిలేశారు.

ఇక మీ దీపాలు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురున్న దిక్కుకే పాకుతుంది. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. మీ దీపాలుంటే రోడ్డు మీదికి వచ్చి చచ్చిపోతుంది. సముద్రం వైపు ఒక్క దీపమూ వద్దు. అద్దాలూ తగ్గించండి, మన ఎండకు ఏసీలు ఆగకుండా తిరగాల్సి వస్తుంది. లోతైన వసారా వెయ్యండి.

మీ బొమ్మలో నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం ఉంది, బయటికి పోయేది లేదు. చేపలకు వేసే మందులూ, వాటి మలమూ కలిసిన నీళ్ళను ఎక్కడ శుభ్రం చేస్తారో, ఎక్కడ వదులుతారో గీసి మళ్ళీ పంపండి.

మీ తాతయ్య